నాయిన పేరు ముందు నాలుగు అక్షరాలు

మేం చదువులు ముగించిన ఆ కాలంలో ఉద్యోగమంటే ముందు బయోడేటా, బయోడేటా అంటే ఖమ్మం బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటర్. డిగ్రీ పాసైన మా ఇల్లందు పిల్లలందరం అక్కడి స్పీడన్న చేతి మీదుగానే లోకంలోకి వెళ్లాం. (కీబోర్డు చూడకుండా కొడతాడని ఆ పేరు. తెర కూడా చూడడని తరవాత తెలిసింది.) ఆయన దగ్గర ఎవరిదో పాత ఫైలొకటి ఉండేది. పేర్లు మార్చి అందరికీ అదే ఇచ్చేవాడు. అందుకే మా కాలనీలో నీళ్లంటే భయపడేవాళ్లకు కూడా హాబీ ఈత. నేను మాత్రం అక్షరాలు పెద్దవి చేయమని, చుట్టూ బోర్డరు కావాలని ఆయన ప్రాణం తీసి, ప్రింటు పట్టుకుని మురిసిపోతూ బస్సెక్కాను. చదివి చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు.

నాయిన అప్పటికి, బొగ్గుబావి పనికి ఇక పనికిరాడని ఇంటికి పంపేసిన మనిషి. ఊపిరితిత్తుల నిండా దుమ్ము. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేవాడు, జీతం చీటీ మీద చూసి చూసి తన పేరు గుర్తుపట్టేవాడు. ఆ సాయంత్రం మంచం మీది నుంచి లేవకుండానే నా కాగితం అందుకుని, తన పేరు ముందు వేలు పెట్టాడు.

“ఎల్, ఏ, టీ, ఈ... ఇదేంది బిడ్డా? రిటైరైనోళ్లకు గిట్ల రాస్తరా?”

“లేట్ అని, నాయినా.”

“లేటా? ఇన్నేండ్ల డ్యూటీల ఒక్కనాడన్న లేటుగ పోయిన్నా? ఎవడు చెప్పిండు వానికి?” అని రోషంగా లేచి కూర్చున్నాడు.

ఇక దాచలేక, పోయినవాళ్ల పేరు ముందు అలా రాస్తారని, పాత ఫైలులోది తీయకుండా వదిలేశాడని చెప్పాను. నాయిన అమ్మ వైపు తిరిగి, “జర ముందుగాల్నే పంపిండు గదనే నన్ను” అని నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు దగ్గయింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. అమ్మ ఆయన వీపు నిమురుతూ స్పీడన్ననూ, నన్నూ, కంప్యూటరునూ కలిపి తిట్టి, అదే గొంతుతో ప్రార్థనలోకి దిగింది.

మర్నాడు పొద్దున్నే ఖమ్మంలో మోటారు సైకిళ్ల షోరూములో ఇంటర్వ్యూ. సెంటర్ ఇంకా తెరవని వేళ. అందుకని అమ్మే బ్లేడుతో ఆ అక్షరాలు గీకింది. అక్షరాలతో పాటు కాగితమూ పోయి చిల్లి పడింది. దవాఖానాకు పోవాల్సిన నాయిన కూడా నా బస్సులోనే వచ్చి, షోరూము బయట బెంచీ మీద కూర్చున్నాడు.

మేనేజరు కాగితం పైకెత్తి చూసి, “మీ నాన్నగారి పేరు ముందు ఈ చిల్లేంటమ్మా?” అన్నాడు. నేను నోరు తెరిచేలోపు బయటి నుంచి దగ్గు వినిపించింది. “ఆయనే సార్, మా నాయిన” అన్నాను. ఏం అబద్ధం చెప్పాలో తోచక జరిగిందంతా చెప్పేశాను. ఆయన నవ్వలేదు. నాయినను లోపలికి పిలిపించి కుర్చీ వేయించాడు.

నాయిన వద్దంటూనే కూర్చున్నాడు. “నా బిడ్డ మంచిగ చదివింది సార్. నేను ఉన్నప్పుడే జల్దీ నౌకరియ్యుండ్రి. మల్ల ఆ కాగితం మార్చుడు ఇంకో తిప్పలు” అన్నాడు.

అప్పుడు మేనేజరు నవ్వాడు. నేనే నవ్వలేకపోయాను.

బిల్లులు కొట్టే ఆ ఉద్యోగం నాకే వచ్చింది. నాయిన నా మొదటి జీతంతో కొన్న చొక్కా తొడుక్కున్నాడు గానీ, ఆ ఏటి వానాకాలం చూడలేదు.

ఇప్పుడు మా చర్చి పిల్లలు ఫోన్లో రెజ్యూమెలు పంపి “ఆంటీ, జర చూడు” అంటారు. ఒక్క పేజీకి కుదించమంటాను, చేసిన పని ముందు పెట్టమంటాను. తండ్రి పేరు ఈ రోజుల్లో అక్కర్లేదు. ఎవరైనా రాస్తే నేనే తీసేస్తాను. తీసేసే ముందు ఆ పేరొకసారి పైకి చదివి, నాయిన ఏం చేస్తాడు, ఒంట్లో బాగుంటుందా అని అడుగుతాను. “అవ్, మంచిగనే ఉంటడు ఆంటీ. నౌకరికి గదెందుకు?” అంటారు పిల్లలు. ఉద్యోగానికి ఎందుకూ పనికిరాదు. ఆంటీకి చాదస్తం పెరిగిందనుకుంటారేమో. పెరిగిందనే నాకూ అనిపించి, నవ్వుకుంటాను.