మట్టయ్య వేసిన తాళం

దయ్యాల మాటెత్తితే మా ఆఫీసులో ముందుగా నవ్వేది నేనే. ఫోన్ దానంతట అదే మోగినా, స్క్రీన్ దానంతట అదే వెలిగినా నాకు గుర్తొచ్చేది సాఫ్ట్‌వేర్ అప్‌డేటే. "ఇందులో ఏదో ఉంది సార్" అని జనం భయపడుతూ తెచ్చిచ్చిన ఫోన్లు ఎన్నో విప్పి చూశాను. చాలావాటిలో ఛార్జింగ్ పెట్టే రంధ్రంలో ఊక దుమ్ము ఉండేది. అంతకుమించి ఏమీ ఉండేది కాదు.

అందుకే ఇది రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను. మేలు జరిగింది నా ఇంటికి. ఎవరికి దండం పెట్టాలో సరిగ్గా తెలియనప్పుడు, కనీసం నలుగురికీ చెప్పుకోవాలి కదా.

మాది సూర్యాపేట. మిర్యాలగూడ, కోదాడ వైపు రైస్ మిల్లులకు సాఫ్ట్‌వేర్ చేసిచ్చే చిన్న కంపెనీలో పనిచేస్తాను. మిల్లు మనుషులకు ఇచ్చే ఫోన్లన్నీ నేనే చూసుకుంటాను. కొత్తగా చేరినవాళ్లకు ఫోన్ సిద్ధం చేసివ్వడం, మానేసినవాళ్ల ఫోన్ వెనక్కి తీసుకుని లోపలున్నదంతా తుడిచేయడం, సిస్టమ్‌లోంచి వాళ్ల పేరు తీసేయడం నా పని. పైకి పెద్ద ఉద్యోగమే. సగం రోజు మాత్రం పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లను బుజ్జగించడానికే సరిపోతుంది.

మిల్లుల్లో ఒక కట్టుబాటు ఉంది, ముందు అది చెప్పాలి. ట్రాక్టర్లలో వచ్చిన వడ్లను గుంతలో పోస్తారు. గుంత అడుగు నుంచి ఎలివేటర్ బకెట్లు వాటిని పైకి తోడతాయి. గడ్డో, గోనెసంచి పీలికో అడ్డం పడితే ఎలివేటర్ ఆగిపోతుంది. అప్పుడు ఒక మనిషి గుంతలోకి దిగి, బకెట్ల మధ్యకు చెయ్యి పెట్టి ఆ చెత్త లాగాలి. చెయ్యి లోపల ఉండగా పైన ఎవరైనా మోటార్ వేస్తే ఇక చెప్పేదేముంది.

అందుకే దిగేవాడు తన తువ్వాలను స్టార్టర్ డబ్బాకు కట్టి దిగుతాడు. తువ్వాల కనిపిస్తే ఎవరూ మోటార్ ముట్టరు. కట్టినవాడే పైకొచ్చి విప్పుకోవాలి. యజమాని వచ్చినా సరే, ఇంకొకరి తువ్వాల మీద చెయ్యి వేయడు.

మా యాప్‌లో పెట్టింది సరిగ్గా ఆ కట్టుబాటునే. గుంతలోకి దిగేవాడు తన ఫోన్‌లో తాళం బొమ్మ నొక్కుతాడు. నొక్కినవాడి పేరు అందరి ఫోన్లలో ఎర్రగా కనిపిస్తుంది. అతనే విప్పేదాకా మోటార్ కదలదు. మరీ అవసరమైతే విప్పే అధికారం ఒక్క నాకే ఉంది. యాప్ వచ్చాక మెల్లగా తువ్వాలలు భుజాల మీదే ఉండిపోయాయి.

మిర్యాలగూడ మిల్లులో మట్టయ్య మాత్రం రెండూ చేసేవాడు. ఆయన అక్కడ పాత ఆపరేటర్. ఫోన్ ఇచ్చిన రోజు కొత్త పెళ్లికొడుకులా మురిసిపోయాడు. తను దిగినప్పుడే కాదు, పక్కవాడు దిగినా తన ఫోన్‌లోంచి ఒక తాళం వేసేవాడు. ఒకరు దిగితే రెండు తాళాలు పడుతున్నాయని మేనేజర్ యాదగిరి నాకు ఫిర్యాదు చేసేవాడు. నేను వెళ్లి చెప్తే మట్టయ్య నవ్వేవాడు.

"ఉండనీ సారూ, తాళం ఎక్కువైతే ఎవలకేం నష్టం? తక్కువైతేనే పరేషాన్."

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ఎవరేం చెప్పినా "సూసినవా?" అని అడిగేవాడు. వాన వస్తుందంటే సూసినవా, లారీ వచ్చిందంటే సూసినవా. టీలో చక్కెర వేశామన్నా సరే, సూసినవా. కొన్నాళ్లకు మిల్లంతా ఆ మాటతోనే ఆయన్ను ఆటపట్టించేది.

ఆయన గుండె జబ్బుతో దవాఖానలో పోయాడు. నేను వెళ్లి చూసి వచ్చాను. తర్వాత ఆయన ఫోన్ నా దగ్గరికి వచ్చింది. ఎప్పటిలాగే అంతా తుడిచేశాను, సిమ్ తీశాను, పేరు తీసేశాను. ఆయన షిఫ్టు నర్సింహ బావకు వచ్చింది. బావ అంటే మా అక్క భర్త. అదే మిల్లులో చాలా కాలంగా పనిచేస్తున్నాడు. అక్కకు ఇద్దరు ఆడపిల్లలు. ఆ ఇంటికి బావ చేతుల కష్టమే ఆధారం.

కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులవి. నేను కోదాడలో ఒక మిల్లు ఆఫీసులో కూర్చుని కొత్తవాళ్లకు ఫోన్లు సిద్ధం చేస్తున్నాను. వాటిలో మట్టయ్య ఫోన్ కూడా ఉంది, ఎవరికైనా ఇద్దామని తెచ్చాను. స్విచాఫ్ అయి నా సంచిలోనే ఉంది. అన్నం వేళ దాటుతుండగా యాదగిరి ఫోన్ చేశాడు. వెనక ట్రాక్టర్ల హారన్లు వినిపిస్తున్నాయి.

"సారూ, మోటార్ లేస్తలేదు. మట్టయ్య తాళం ఏసిండని సూపిస్తుంది. గిదేం కథ? సచ్చినోడు తాళమేసుడేంది? జల్ది విప్పు, బయట ట్రాక్టర్లు రోడ్డు దాకా ఆగినయ్."

నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు, విసుగొచ్చింది. పేరు సరిగ్గా తీసేయలేదేమో అనుకుని లాప్‌టాప్ తెరిచాను. మిల్లు మనుషుల పట్టికలో మట్టయ్య లేడు. మోటార్ పక్కన మాత్రం ఎర్రగా ఉంది: తాళం వేసినవారు, మట్టయ్య. అప్పుడే పడినట్టు చూపిస్తోంది.

విప్పే బటన్ నొక్కాను. యాప్ ఎప్పటిలాగే అడిగింది: గుంతలో ఎవరూ లేరని చూశారా? ఆ ప్రశ్న రాసింది నేనే. ఎవరూ చదవకుండా అవును అని నొక్కేస్తారనీ తెలుసు. నా వేలు కూడా అవును మీదికే వెళ్లింది.

పైన మట్టయ్య పేరు, కింద ఆ ప్రశ్న. రెండూ ఒకచోట కనిపించేసరికి ఆయన గొంతే వినిపించినట్టయింది. చెవికి వినపడిందని అనను. ఎవరికైనా చనువైన మనిషి మాట గుర్తొస్తుంది కదా, అలాగే. వేలు వెనక్కి తీసుకున్నాను.

"యాదగిరన్నా, గుంతలో చూసినవా?"

"ఎవల్లేరు సారూ. హమాలీలంతా అన్నం తింటున్రు. తాళం వేరేటోళ్లది లేదు గద?"

"నా మాట విను. లేచి పోయి, వంగి చూడు. నేను లైన్లోనే ఉంటా."

తిట్టుకుంటూ వెళ్లాడు. చెప్పుల చప్పుడు, ఊకను ఊదే బ్లోయర్ హోరు వినిపించాయి. అంతలో ఆ హోరును మించి యాదగిరి అరిచాడు.

"ఓ నర్సింహా! అయ్యో దేవుడా... ఓ నర్సింహా, చెయ్యి తియ్! బయటికి రా!"

పక్కనున్న బియ్యం బస్తా మీద కూలబడ్డాను. ఆ మిల్లు అకౌంటెంట్ మంచినీళ్లు తెచ్చి, "ఏమైందండీ, ఒంట్లో బాలేదా?" అని అడుగుతోంది.

జరిగింది తర్వాత తెలిసింది. ఎలివేటర్ ఆగగానే, జనం తిని వచ్చేలోపు తీసేద్దామని బావ ఒక్కడే దిగాడు. దుమ్ముకు ఫోన్ పాడవుతుందని దిగేముందు దాన్ని సద్ది సంచిలో పెట్టడం అతని అలవాటు. రోజూ తాళం నొక్కి సంచిలో పెట్టేవాడు. ఆ రోజు ముందు సంచిలో పెట్టేశాడు, నొక్కాననే అనుకున్నాడు. భుజం దాకా చెయ్యి బకెట్ల మధ్యకు దూర్చి గోనె పీలిక లాగుతున్నాడు. బ్లోయర్ హోరులో పైన ఎవరొచ్చిందీ వినపడలేదు. తువ్వాల తలకే చుట్టుకుని ఉంది.

బావ పైకొచ్చి యాదగిరి ఫోన్ అందుకున్నాడు. అతనికి ఇంకా సంగతే తెలియదు.

"ఏంది బామ్మర్దీ, గీయన మొఖం గిట్ల తెల్లవడ్డది? ఏమైంది?"

నేను ఏడ్చేశాను. పరాయి ఆఫీసులో, పదిమంది ముందు. ఇప్పటికీ దానికి సిగ్గుపడను.

కాసేపటికి యాదగిరి మళ్లీ ఫోన్ తీసుకున్నాడు. అందరూ బయటే ఉన్నారనీ, గుంతలో తనే స్వయంగా చూశాననీ, ఇక విప్పమనీ అన్నాడు. కళ్లు తుడుచుకుని లాప్‌టాప్ వైపు తిరిగాను. విప్పడానికి అక్కడ తాళం లేదు. ఎరుపు పోయి పచ్చగా ఉంది. పక్కన ఒక వరుస: తాళం విప్పినవారు, మట్టయ్య.

నా ఒళ్లు జలదరించింది అప్పుడే.

"నువ్వే విప్పినవా సారూ?" అని యాదగిరి అడిగాడు. అవునన్నాను. నిజం చెబితే హమాలీలు ఆ సీజన్‌కు మళ్లీ మిల్లు గడప తొక్కరు.

ఫోన్ పెట్టేసి సంచిలోంచి మట్టయ్య ఫోన్ తీశాను. చల్లగా ఉంది. బటన్ నొక్కితే వెలగలేదు, ఛార్జింగ్ అసలు లేదు. వైరు పెట్టి కాసేపు ఆగితే వెలిగింది. వెలిగి, కొట్లో కొన్న కొత్త ఫోన్‌లా భాష ఎంచుకోమని అడిగింది. లోపల మా యాప్ లేదు, మట్టయ్య లేడు.

మా ఆఫీసులో సర్వర్ చూసేది శ్రావణి. నాకంటే మొండిది. ముందు నవ్వింది, తర్వాత కూర్చుని వెతికింది. మట్టయ్య ఎప్పుడో వేసిన తాళం ఎక్కడో చిక్కుకుని ఆలస్యంగా చేరి ఉంటుందంది. చిక్కుకోవాలంటే ఆ ఫోన్‌లోనే ఉండాలి, దాన్ని నేను తుడిచేశాను. పాత డేటా వెనక్కి వచ్చిందేమో అంది. అలా అయితే మానేసిన మిగతావాళ్ల పేర్లూ రావాలి, ఒక్కటీ రాలేదు. ఎవరైనా ఆ పేరుతో ఆడుకున్నారేమో అని కూడా చూసింది. తాళం ఆ ఫోన్ నుంచే పడినట్టుంది. ఆ ఫోన్ నా సంచిలో ఉంది.

"సరే, తాళం ఏసుడంటే ఏదో లోపం అనుకుందాం. మనిషి బయటికొచ్చినంక విప్పిందెవరు?" అన్నాను.

శ్రావణి ఆ వరుసను మళ్లీ చదివింది. "అన్నా, నాకు సమజ్ కాలే" అంది. ఆ పిల్ల నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

తర్వాతి ఆదివారం అక్క, బావ, నేను మిర్యాలగూడలో మట్టయ్య ఇంటికి వెళ్లాం. అక్క ఒక చీర, పండ్లు పట్టుకుంది. మట్టయ్య భార్య ఎల్లమ్మ పెద్దమ్మకు జరిగిందంతా చెప్పాను. భయపడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె మాత్రం బియ్యంలో రాళ్లు ఏరడం ఆపకుండానే విన్నది.

"ఆయనకదే అలవాటు బిడ్డా. నేను గ్యాస్ బందువెట్టిన అన్నా నమ్మకపోయేటోడు. మంచంల పండుకున్నోడు లేసి, పోయి సూసొచ్చి పండుకునేటోడు."

బావ ఆమె కాళ్లకు మొక్కాడు. అక్క చీర కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దమ్మ బావ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, వేళ్లు అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిగున్నయ్" అని వదిలింది.

ఇప్పుడు ఆ మిల్లులో తాళం నొక్కినా తువ్వాల కట్టాల్సిందే. బావ అయితే రెండు ముళ్లు వేస్తున్నాడని అక్క వెక్కిరిస్తుంది, వెక్కిరిస్తూనే రోజూ ఉతికిన తువ్వాల చేతికిస్తుంది. మట్టయ్య ఫోన్ ఎవరికీ ఇవ్వలేదు, నా బీరువాలో ఉంది. దాన్ని చూస్తే నాకు భయం వేయదు. ఇంట్లో పెద్దవాళ్ల వస్తువు దాచుకున్నట్టుంటుంది.

దయ్యాలున్నాయా అని అడిగితే ఇప్పటికీ తెలియదంటాను. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నేను చెప్పలేను, శ్రావణి కూడా చెప్పలేకపోయింది.

ఒక్క పని మాత్రం చేశాను. మిర్యాలగూడ మిల్లు మనుషుల పట్టికలో మట్టయ్య పేరు మళ్లీ ఎక్కించాను. నెలకోసారి సిస్టమ్ నన్ను అడుగుతుంది: ఈ వ్యక్తికి ఫోన్ లేదు, పేరు తీసేయమంటారా? ఆ ప్రశ్నను మాత్రం ప్రతిసారీ పూర్తిగా చదువుతాను. చదివి, వద్దు అని నొక్కుతాను.