ఈనాక్ సగ్డెన్ చేసిన తొమ్మిది తప్పులు

ఒంటరిగా పడి ఉన్న వస్తువు కంటపడితే ఈనాక్ సగ్డెన్‌కి ఒంటిమీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుండేది. ఒక చేతితొడుగు, ఒక బూటు, ఒక చెవిపోగు, ఏదైనా సరే, దాన్ని పైకెత్తి, ఎదురుగా ఉన్నది దొరైనా దొంగైనా, "దీని జోడేదీ?" అని అడిగేవాడు. జవాబు వచ్చేదాకా వదిలేవాడు కాదు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. లీడ్స్‌లో, ఏర్ నది ఒడ్డున, ఓల్డ్‌రాయ్డ్ దొరగారి ఆవిరి ఇంజన్ల కార్ఖానాలో ఆయనది జోడీల బల్ల. ఆ రోజుల్లో బోల్టు చుట్టూ మెలికలు తిరిగే మరను చేత్తోనే కోసేవారు కనక ఏ రెండు బోల్టులూ ఒక్కలా వచ్చేవి కావు. ఒకదాని నట్టు ఇంకోదానికి ఎక్కించబోతే సగం దారిలో బిగుసుకుని మొండికేసేది. అందుకని ప్రతి బోల్టుకీ దాని నట్టును ఆకురాయితో రాసి సరిచేసి, రెండింటిమీదా ఒకే అంకె కొట్టి, జంటగా ఫిట్టర్లకి పంపడం ఈనాక్ పని. వేలకి వేల జంటల్ని కలిపిన ఆ మనిషి మాత్రం బ్రహ్మచారి.

ఒకసారి ఒక ఇంజన్ని విప్పి, పెట్టెల్లో సర్ది, పడవెక్కించి కాలవ మీద పంపేశాక, ఆయన బల్లమీద ఒక నట్టు మిగిలిపోయింది. మేస్త్రీ మాథ్యూ హెలివెల్ ఒకటే కదా, పోనిమ్మన్నాడు. ఈనాక్ వినలేదు. నట్టు పిడికిట్లో పెట్టుకుని కాలవ గట్టున రెండు మైళ్లు పరుగెత్తి, పడవవాడు ఎంతకీ ఆపకపోతే అందులోకి దూకి, రేవుదాకా వెళ్లి, మూడో రోజున కాళ్లు బొబ్బలెక్కి తిరిగొచ్చాడు. మాథ్యూ చీవాట్లు మొదలుపెట్టబోతే, "ఆ బోల్టు ఒక్కతే సముద్రం దాటిపోయేది, మేస్త్రీ" అన్నాడు.

ఇంకోసారి ప్రష్యా నుంచి ఒక సైనికాధికారి ఇంజను కొనడానికి వచ్చాడు. ఆయన ఒక్క చేతికే తొడుగు వేసుకున్నాడు. మాథ్యూ అడ్డుపడేలోపే ఈనాక్ అడగనే అడిగాడు. తొడుగు జోడూ, చెయ్యి జోడూ రెండూ యుద్ధంలోనే పోయాయని ఆ పెద్దమనిషి శాంతంగా చెప్పాడు. ఓల్డ్‌రాయ్డ్ దొరగారి మొహంలో కత్తివేటుకి నెత్తుటి చుక్క లేదు. ఈనాక్ టోపీ తీసి కాసేపు నిలబడి, పోనీ ఇంజనైనా ఒక్కదాన్నే తీసుకుపోవద్దని, ఆ దూరదేశంలో దానికి తోడెవరుంటారని బతిమాలాడు. అధికారి పడీపడీ నవ్వి రెండు ఇంజన్లు కొన్నాడు. దొరగారు అప్పటికే నోటిదాకా వచ్చిన 'ఫో' అనే మాటను దగ్గుగా మార్చేసుకున్నారు.

అంత చేసినా ఆయనతో కలిసి కూర్చుని తినేవాళ్లు లేరు. కూర్చుంటే జేబులు తడిమి, బొత్తాలు లెక్కపెట్టి ప్రాణం తీస్తాడని భయం. మధ్యాహ్నం గేటు దగ్గర కాల్చిన బంగాళదుంపలు రెండు కొనేవాడు. ఒక్కటే కొనడం ఆయన వల్ల కాదు. ఒకటి తిని, రెండోది ఇంటికి పట్టుకెళ్లి, పొద్దున్నే చల్లగా తినేవాడు. ఆయన గదిలో కుర్చీలు రెండు. ఒకదానిమీద ఆయన కూర్చుంటే, ఎదుటి కుర్చీకి కోటు తగిలించి ఉండేది. జ్వరమొచ్చినప్పుడు చూడబోయిన మాథ్యూకి ఆ కోటును తీసి కుర్చీ ఇచ్చాడు. కుర్చీ అంచు ఆనినచోట ఆ కోటు అరిగిన తీరు చూస్తే ఆ కుర్చీలో మనిషి కూర్చుని చాలా ఏళ్లయిందని మాథ్యూకి అర్థమైంది.

ఇలాంటి మనిషి ఇరవై రెండేళ్లలో తొమ్మిదంటే తొమ్మిదే తప్పులు చేశాడు. తొమ్మిదీ ఒకే రకం. బోల్టు ఒకరికి, దాని నట్టు ఇంకెవరికో వెళ్లిపోయేవి. కొత్తగా చేరిన ఐర్లండు కమ్మరి డెవెనీకి బోల్టు వస్తే, దాని నట్టు కార్న్‌వాల్ నుంచి వచ్చిన వడ్రంగి ట్రెవేనా పెట్టెలో తేలింది. ఊళ్లో ఒక్క మొహమూ ఎరగని ఆ ఇద్దరూ మూడు రోజులు కార్ఖానా అంతా గాలించి, చివరికి ఒకరికొకరు ఎదురుపడి, కలిసి ఈనాక్‌ని తిట్టుకుంటూ బీరు తాగడానికి పోయారు. ఇప్పుడు పక్కపక్క ఇళ్లలో ఉంటున్నారు.

ఒకసారైతే మాథ్యూకే ఆ గతి పట్టింది. అప్పటికి అతను పెళ్లికాని కొత్త మేస్త్రీ. వెతగ్గా వెతగ్గా, దుంపలమ్మే టాబితా బుట్ట అడుగున దొరికింది నట్టు. వెతకడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో అతను ఇరవై దుంపలు తిన్నాడు. ఆ ఏడే వాళ్ల పెళ్లయింది. అయినా మేస్త్రీ మేస్త్రీయే కనక, ఈనాక్‌ని అందరిముందూ నిలబెట్టి చెడామడా తిట్టాడు. ఈనాక్ తల దించుకుని, ముసలితనం వచ్చేసిందన్నాడు. అప్పటికి ఆయనకి నలభై అయిదు.

మొన్న మాంచెస్టరు నుంచి కొత్త పనిముట్లు దిగాయి. వాటితో కోస్తే బోల్టులన్నీ ఒకే కొలత, ఏ నట్టైనా ఏ బోల్టుకైనా పడుతుంది. శనివారానికల్లా జోడీల బల్ల తీసేసి ఈనాక్‌ని ఇంటికి పంపమని దొరగారు మాథ్యూతో చెప్పారు. అతను సోమవారం చెబుదామనుకుని, మంగళవారం చెబుదామనుకుని, చివరికి శుక్రవారం పది కొత్త జతలు తెచ్చి బల్లమీద పోసి, నేలచూపులు చూస్తూ సంగతి చెప్పాడు.

ఈనాక్ ఒక నట్టు తీసి పది బోల్టులకీ ఎక్కించి చూశాడు. పదింటికీ పట్టింది.

"మంచి పని మేస్త్రీ. దారిలో ఇంజను ఆగిపోతే, పాపం, ఆ డ్రైవరు మన నట్టే కావాలని ఏడవక్కర్లేదు" అన్నాడు. ఆఖరి బోల్టు నుంచి నట్టు విప్పుతూ, "అయితే ఇకమీద ఎవరూ ఎవరినీ వెతుక్కోనక్కర్లేదన్నమాట" అన్నాడు.

ఆ మాట మాథ్యూని ఇంటిదాకా వెంటాడింది. రాత్రి భోజనం దగ్గర, ఇరవై రెండేళ్లు చేసిన మనిషిని పంపేస్తున్నామని, తొమ్మిది తప్పులు తప్ప మచ్చలేని మనిషని టాబితాతో చెప్పుకున్నాడు.

టాబితా వింతగా చూసింది. "తప్పులేంటయ్యా? ఆ నట్టు కాళ్లొచ్చి నా బుట్టలోకి నడిచిందనుకున్నావా? నా కళ్లముందే ఆయన పెట్టాడు."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదే?"

"చెప్పొద్దన్నాడు. నువ్వు గేటు దగ్గర రోజూ గోడకేసి తిరిగి తింటున్నావని, 'ఈ మేస్త్రీకి ఎవరూ లేరమ్మా' అన్నాడు. నాకు మాత్రం ఎవరున్నారు? అందుకే ఒప్పుకున్నాను."

మాథ్యూ తక్కిన ఎనిమిది తప్పుల్నీ వేళ్లమీద లెక్కపెట్టాడు. పదహారుమందీ ఆ రోజుల్లో దిక్కులేకుండా తిరిగినవాళ్లే. ఆ తొమ్మిదిసార్లూ తిట్టింది తనే.

శనివారం బల్ల ఎత్తేశారు. ఆకురాయి ఒక్కటీ జేబులో వేసుకుని ఈనాక్ గేటు దాటుతుంటే, మాథ్యూ వీపు తట్టినట్టే తట్టి, ఆయన కోటు జేబులో పాత బోల్టొకటి పడేశాడు. నట్టు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఆదివారం భోజనాల వేళకి తలుపు చప్పుడైంది. ఈనాక్ వానలో తడిసి ముద్దయి, బోల్టు పట్టుకుని నిలబడ్డాడు.

"దీని జోడేదీ?" అన్నాడు. డెవెనీ ఇంటికీ ట్రెవేనా ఇంటికీ కూడా వెళ్లొచ్చాడట. వాళ్ల దగ్గర నట్టు లేదు, టీ మాత్రం తాగేదాకా కదలనివ్వలేదట.

బల్లమీద మూడు కంచాలున్నాయి. మూడోదాని పక్కన నట్టు ఉంది. ఈనాక్ దాన్ని తీసి బోల్టుకి ఎక్కించాడు. రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. మాథ్యూ మొహం వాడిపోయింది. హడావిడిలో అంకె చూసుకోకుండా తెచ్చేశాడు.

ఈనాక్ అతన్నీ, టాబితానీ, మూడో కంచంలో ఆవిరి కక్కుతున్న రెండు దుంపల్నీ మార్చి మార్చి చూశాడు.

"ఇది దీని జోడు కాదు మేస్త్రీ. అసలుది ఈ ఇంట్లోనే ఎక్కడో ఉండుంటుంది. ఒక్క ఆదివారంలో దొరికేది కాదు" అన్నాడు.

"తొందరేముంది? తినేసి వెతుకుదురుగాని" అంది టాబితా.

ఈనాక్ కోటు విప్పి, కుర్చీకి తగిలించబోయి ఆగి, గోడకున్న మేకుకి తగిలించాడు.