బంద్ రోజు భోజనం మీద స్వరూప వ్యాసం

“నేను భయపడి షట్టర్ దించుతానని రాశావా? ఎవరు చెప్పారే నీకు?”

“ఒకరు జెప్పాల్నా అమ్మమ్మా? బంద్ అనంగనే దించుతవ్ గదా. అందరం జూస్తనే ఉన్నం.”

“బంద్ చేసేది మీరు. ఆ రోజు అన్నమేదని అడిగేదీ మీరే. పైగా నా మీద రాతలొకటి!”

“భయం గాకపోతే ఇంకేందో జెప్పు. గదే రాస్త.”

“ముందు ఆ భయం కొట్టెయ్. అప్పుడు చెప్తా.”

అది 2010. తార్నాక నుంచి యూనివర్సిటీ వైపు పోయే ఒక సందులో, మాణికేశ్వర్ నగర్‌కు ఆనుకుని నా మెస్ ఉండేది. మాది గుడివాడ దగ్గర పల్లె. మా ఆయన పోయాక నాకు వచ్చిన ఒక్క విద్యతో మెస్ పెట్టాను. నేను చదివింది మూడో తరగతి. నా దగ్గర తినేవాళ్లు ఎమ్మేలు, పీహెచ్‌డీలు. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. నన్ను అమ్మమ్మా అని పిలిచే ఆ పిల్లలు నా గోంగూర పప్పు రెండుసార్లు కలుపుకుని తిని, మూతి తుడుచుకుని, ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలని నినాదాలివ్వడానికి బయలుదేరేవాళ్లు. చెయ్యి కడుక్కునేటప్పుడు కుళాయి కట్టేసి వెళ్లినంతవరకు నేనేమీ అనేదాన్ని కాదు.

స్వరూప జనగామ పిల్ల, ఎమ్మే చదువుతోంది. క్యాంపస్‌లో ఏ సభ జరిగినా ఆ పిల్ల మాట్లాడాల్సిందే. మైకు లేకపోయినా మా వంటింటికి వినిపించేది. ఆ పిల్లకు ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం ఇస్తామన్నారు. కాకపోతే ఒక షరతు. ఇంగ్లీషులో వ్యాసం రాయడం నేర్పే ఆన్‌లైన్ కోర్సు ఒకటి పాసవ్వాలి. టీచరమ్మ ఎక్కడో పై దేశంలో ఉంటుంది. వీళ్లు తార్నాక నెట్ సెంటర్ నుంచి వ్యాసం పంపిస్తే, తప్పులు చెప్పి తిప్పి పంపుతుంది. స్వరూపవి అప్పటికే రెండు వ్యాసాలు తిరిగొచ్చాయి. మూడోదీ తప్పితే కోర్సూ పోయె, ఉద్యోగమూ పోయె. ఆ మూడోది ఆ సాయంత్రం ఎనిమిదిలోగా పంపాలి. మర్నాడు బంద్, నెట్ సెంటర్ తెరవరు.

ఆ వ్యాసానికి ఒక నియమం పెట్టారట. నువ్వు చెప్పేది ఒప్పుకోని మనిషి దగ్గరికి వెళ్లి, ఆ మనిషి మాట కూడా రాయాలి. దాన్ని కౌంటర్ ఆర్గ్యుమెంట్ అంటారు, అంటే అవతలివాళ్ల వాదన. అది విని ఆ మనిషి “అవును, నా మాట ఇదే” అనాలి. బంద్ రోజు మెస్ తెరవాలన్నది స్వరూప వాదన. ఒప్పుకోని మనిషిని నేను.

మధ్యాహ్నం వడ్డన అయ్యాక బల్ల మీద కాగితాలు పరిచి, ఇంగ్లీషులో రాసుకున్నది నాకు తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. వేదిక మీదున్న పెద్దలకు నమస్కారం, సభకు వచ్చిన అక్కలకు, అన్నలకు వందనం, తర్వాత పోరాటాల చరిత్ర, తర్వాత నిజాం.

“ఆగవే. ఇది చదివేది ఎంతమంది?”

“టీచరమ్మ ఒక్కతే.”

“మరి ఇందరికి నమస్కారాలెందుకు?”

స్వరూప నాలుక కరుచుకుంది. “పోయినసారి ఆమె గూడ గట్లనే రాసింది. నువ్వు వేదిక మీదున్నవ్, నేను నా వంటింట్ల కూసున్న అని.”

ఆ టీచరమ్మ మీద నాకు అప్పుడే గౌరవం కలిగింది.

“రెండు పేజీల నుంచీ విస్తరి కడుగుతూనే ఉన్నావు. అన్నం ఎప్పుడు పెడతావు?”

ఆ అన్నాన్ని వాళ్లు థీసిస్ స్టేట్‌మెంట్ అంటారట. వ్యాసమంతా ఏ ఒక్క మాట కోసం రాశామో ఆ మాట. స్వరూప వేలు పెట్టి వెతికితే నాలుగో పేజీ అడుగున దొరికింది. దాన్ని తెచ్చి పైన పెట్టించి, నిజాం దాకా ఉన్నదంతా కొట్టేయించాను. ఒక పక్కే రాసిన కాగితాలు కాబట్టి రెండో పక్క వాడుకోమన్నాను.

“భయం గూడ కొట్టేసిన. ఇగ జెప్పు,” అంది.

వంటింట్లోకి తీసుకెళ్లి అన్నం వండే పెద్ద డేక్సా చూపించాను. మెస్ నడిచేది కౌంట్ మీద. ఈ పూట ఎంతమంది తింటారని పొద్దున్నే వేసుకునే లెక్కే కౌంట్. మామూలు రోజు మెస్ ముందు నడిచే కాళ్లు చూసి చెప్పేస్తాను, ఇద్దరు ముగ్గురు తేడా. బంద్ రోజు అది కుదరదు. ఎవరు ఊరేగింపులో ఉంటారో, ఎవరిని పోలీసులు వ్యాన్ ఎక్కిస్తారో వాళ్లకే తెలియదు. అంతకుముందు బంద్‌కు అరవై మందికి ఎసరు పెడితే, యూనివర్సిటీ గేటు దగ్గర టియర్ గ్యాస్ వదిలారు. పదకొండు మంది వచ్చారు, అదీ కళ్లు నలుపుకుంటూ. సందులో అందరికీ పంచినా, మిగిలింది పులిహోర కలిపినా, సాంబారు పారబొయ్యాల్సి వచ్చింది. అన్నం పారబోసిన రోజు నాకు నిద్ర పట్టదు. రాయి పడితే షట్టర్‌కు సొట్ట పడుతుంది, అంతే. దానికి నేను భయపడను.

గిన్నెలు తోముతున్న యాదమ్మ తలెత్తి, “గా సాంబారు పారబోసిననాడు ఏడ్చింది బిడ్డా,” అంది.

“నేనేం ఏడవలేదు. ఉల్లిపాయలు తరిగాను.”

“సాంబారు పారబోసినంక ఉల్లిగడ్డ ఎందుకు గోసినవ్?”

నేను స్వరూప వైపు తిరిగి రాసుకోమన్నాను. ఆ పిల్ల కూర్చుని రాసింది. మధ్యలో ఎసరు ఎన్నింటికి పెడతానో, పెట్టాక ఎందుకు తగ్గించలేమో అడిగింది. తిరిగి చదివి వినిపించింది. నా మాట నా నోటి కంటే కుదురుగా ఉంది. దాని కింద తన జవాబు రాసింది. తినేవాళ్లు ముందురోజు సాయంత్రమే పేర్లివ్వాలి, పేరు లేనివాళ్లకు అన్నం లేదు, పేరిచ్చి రానివాళ్లకు మర్నాడు కూర లేదు.

“అవును, నా మాట ఇదే. నీ మాట మాత్రం నేను ఒప్పుకోను.”

“ఒప్పుకోకుంటే ఏంది? నేను రాసింది నీ మాటే అన్నవ్, సాలు,” అని పరిగెత్తింది.

ఎనిమిది దాటాక వచ్చి, వ్యాసం వెళ్లిందని చెప్పి, నా గల్లాపెట్టె మీద ఒక కాగితం పెట్టింది. హాస్టళ్లన్నీ తిరిగి రాసుకొచ్చిన నలభై మూడు పేర్లు. ఊరేగింపు పదకొండుకు కాబట్టి పదికే వడ్డించాలని కింద రాసి ఉంది. కాగితం తీసి ఉప్పు డబ్బా కింద పెట్టాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు మెస్ నడిపాను. కూర బాగాలేదని ఎవరైనా గొడవకొస్తే, ముందు వాళ్ల ఫిర్యాదు వాళ్లకే తిరిగి చెప్పి, ఇదేనా నీ మాట అని అడిగేదాన్ని. సగం గొడవలు అక్కడే ఆగిపోయేవి. మిగతా సగం రోజుల్లో కూర నిజంగానే బాగుండేది కాదు.

ఇక ఆ బంద్ రోజు పొద్దున, కాగితంలో ఉన్న నలభై మూడు మందికే ఎసరు పెట్టాను. షట్టర్ నడుమెత్తున లేపితే పిల్లలు వంగి వంగి లోపలికొచ్చారు. కాగితం పట్టుకుని, నా మూడో తరగతి చదువుతో కూడబలుక్కుంటూ ఒక్కొక్క పేరే పిలిచి వడ్డించాను. నలభై మూడు మందీ వచ్చారు. ఆఖర్న స్వరూప వచ్చింది. టీచరమ్మ జవాబు హాస్టల్లో ఎవరిదో ఫోన్‌లో చూసిందట.

“పాసైన అమ్మమ్మా! టీచరమ్మ ఒక్కటే అడిగింది, ఇంతకూ ఆమె మెస్ తెరిచిందా లేదా అని.”

“తెరిచిందని రాయి. అది సరే, ఇందులో నీ పేరేదే?”

కాగితం తీసుకుని పైనుంచి కిందిదాకా చూసింది. లేదు. అందరి పేర్లూ రాసి తనది మరిచిపోయింది.

“పేరు లేనివాళ్లకు అన్నం లేదని రాసిందెవరు?”

“నేనే,” అంది, డేక్సా వైపు చూస్తూ. అందులో మెతుకు లేదు.

యాదమ్మ నాకోసం పక్కన తీసి మూతపెట్టిన కంచం తెచ్చి ఆ పిల్ల ముందు పెట్టాను. కుళాయి కట్టేసి వెళ్లమని చెప్పి, నేను లోపలికెళ్లి అటుకులు నానబెట్టుకున్నాను.