చిల్పూర్‌లో పాత ప్రెసిడెంటు, మా నాన్న ఇత్తడి బిళ్ళ

ఇరవై ఏళ్లుగా ఒక మనిషిని తిట్టకుండా మా నాన్నకు ముద్ద దిగదు. మా నాన్న పనిచేసిన హమాలీ సంఘానికి ఆయన ప్రెసిడెంటు, ఎర్రజెండా మనిషి. కరువొచ్చి మార్కెట్‌కు ధాన్యం లారీలు తగ్గిపోయిన ఏడాది, ముసలి హమాలీలను ఇంటికి పంపకుండా అందరికీ సమానంగా వంతులు పెట్టాడు. పడుచువాడైన నాన్నకు వారంలో రెండు రోజుల పనే మిగిలింది. పనికొచ్చిన గుర్తుగా రోజూ సంఘం గోడమీద మేకుకు తగిలించాల్సిన నంబరు బిళ్ళను జేబులో వేసుకుని, రోషంగా భీవండి మిల్లుల్లో పనికి వెళ్లిపోయాడు. మొన్న అది నా చేతిలో పెట్టి, "గిది ఆయన మొఖాన కొట్టి రాపో" అన్నాడు.

ఉదయం ఏడింటికి సికింద్రాబాద్‌లో రైలెక్కి తొమ్మిదిన్నరకు స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగాను. చిల్పూర్‌కు షేరాటోలో ముప్పై రూపాయలు. ఎవరింటికని అడిగిన డ్రైవర్‌కు చెప్పగానే నవ్వాడు. "ఆయన జెయ్యవట్టే మా తాత ఆకలికి సావలే. మా చిన్నాయినేమో ఆయన పేరెత్తితే ఉమ్మేస్తడు. రెండూ నిజమే అన్నా."

అరుగుమీద కూర్చున్న ముసలాయన బిళ్ళ చూడగానే, "పద్నాలుగు. మల్లయ్య కొడుకువా?" అన్నాడు. లోపలినుంచి అవ్వ చాయ్ తెచ్చింది. తాగకుండానే అడిగేశాను: బలమున్నవాళ్ల పని ముసలివాళ్లకు పంచడం న్యాయమా?

"న్యాయమే బిడ్డా. మీ నాయిన గుడ ముసలోడైతడు గద! గని ఒక తప్పు జేసిన. ఒంటిగానికీ, ముగ్గురు పిల్లలున్న మీ నాయినకూ ఒక్కటే వంతిచ్చిన. ఇంట్ల తినేటోళ్లెందరని అడిగితే పక్షపాతమైతదనుకున్న." మళ్లీ బిళ్ళ వైపు చూసి అన్నాడు. "నేను దిగిపోయేదాంక ఆ మేకుకు ఇంకోని బిళ్ళ తగిలియ్యనియ్యలే. అస్తడేమోనని సూసిన."

నాన్నకు ఫోన్ చేశాను. "కొట్టినవా?" అన్నాడు. ఫోన్ ముసలాయనకిచ్చాను.

"మల్లయ్యా, నీ కాడ తప్పు జేసిన," అన్నాడు ముసలాయన.

అవతలినుంచి నాన్న గొంతు సన్నగా వినిపించింది. "తిన్నవానే, అన్నా?"

కష్టకాలంలో ముసలివాళ్లను వదలని ఆయన సిద్ధాంతం మీద నాకు గౌరవమే. సమానంగా పంచేముందు ఇంట్లో కంచాలు కూడా చూడాలని ఆయనే ఒప్పుకోవడం ఇంకా నచ్చింది. బిళ్ళ మాత్రం తీసుకోలేదు, "ఆయన్నే దెమ్మను" అన్నాడు. వెళ్లేవాళ్లకు ఒక మాట: సాయంత్రం నాలుగు దాటితే తిరుగు ఆటోలు కష్టం, దిగినప్పుడే మాట్లాడి పెట్టుకోండి. వచ్చే ఆదివారానికి నేను ఇద్దరికి మాట్లాడి పెట్టాను.