ఉప్పు నగరం గేటు దగ్గర ఉరబె

ఉరబె తొషికజు ఆదివారం ఆదివారం మా కాఫీ హోటల్‌కి వచ్చేవాడు. ఒసాకాలో నిప్పోంబషి పేటలోని గేముల కొట్ల వెనక సందులో మాది. కిటికీ పక్కనున్న పెద్ద బల్ల అతనికీ, అతని గుంపుకీ వదిలేసేదాన్ని. డ్రైవింగ్ స్కూల్లో పాఠం చెప్పే ఉద్యోగం. యాభై దాటాయి, పెళ్లి కాలేదు. ముందు జుట్టంతా పోయింది. మాట్లాడేటప్పుడు రెండు మోచేతులూ బల్లకి ఆనించి, మెడ ఒక పక్కకి వాల్చేవాడు.

వాళ్ల మాటలన్నీ 'ఉప్పు నగరం' గురించే. సముద్రం మధ్య ఉప్పుతో కట్టిన ఊరు, అది కరిగిపోకుండా కాపాడాలి, అదీ ఆ వీడియో గేము. మొదటి భాగం ఉరబె చిన్న బడిలో ఉండగా వచ్చిందట. అప్పటినుంచి వస్తూనే ఉంది. కథలు మారాయి, బొమ్మలు మారాయి, తయారుచేసిన వాళ్లలో కొందరు రిటైరయ్యారు, కొందరు పోయారు. పేరొక్కటే మిగిలింది.

"మా అమ్మమ్మ తవుడు కుండలో ముల్లంగి ఊరవేసేది" అనేవాడు ఉరబె. "ఏటేటా కొత్త తవుడు కలుపుతారు. అమ్మమ్మ వేసిన తవుడు ఎప్పుడో అయిపోయింది. అయినా అది అమ్మమ్మ కుండే అంటాం. అనొచ్చు. కానీ ఎవడో వచ్చి దాంట్లో చక్కెర పోశాడనుకో. అప్పుడు కూడా అమ్మమ్మ కుండేనా?"

"ఏ భాగంలో పోశారు బాబాయ్ చక్కెర?" అని ఎగదోసేవాడు కనమోరి. కళ్లజోళ్ల కొట్లో పనిచేస్తాడు, ఉరబె కంటే బాగా చిన్నవాడు.

"ఐదులో మొదలుపెట్టారు. ఎనిమిదిలో బస్తాలతో దింపారు. మూడోదే అసలు సిసలు."

"మీకు మూడో భాగం గొప్పది కాదు బాబాయ్. అప్పటి మీ పన్నెండేళ్ల వయసు గొప్పది."

ఉరబె కప్పు పక్కకి జరిపాడు. తరవాత, "అయితే ఏంటట? ఆ వయసు ఇంకెక్కడ దొరుకుతుంది, చూపించు, వెళ్లి తెచ్చుకుంటా" అన్నాడు.

అతన్ని మంచివాడని చెప్పడానికి నాకు నోరు రాదు. ఒకసారి మియజకొ అని కాలేజీ పిల్ల ఆ బల్ల దగ్గరికి వచ్చింది. భయం భయంగా, తను ఎనిమిదో భాగంతో మొదలుపెట్టాననీ, దాని ముగింపు చూసి ఏడ్చాననీ చెప్పింది.

"అది ఉప్పు నగరం కాదమ్మా" అన్నాడు ఉరబె. "ఆ బోర్డు తగిలించుకున్న బొమ్మల కొట్టు. దానికి ఏడ్చావంటే నీకు ఏడుపు చవక."

అందరూ నవ్వారు. ఆ పిల్ల కాఫీ సగంలో వదిలేసి వెళ్లిపోయింది. నేను కప్పు తీస్తూ, "ఎందుకయ్యా అంత మాట?" అంటే, "నిజం చెప్పొద్దా అక్కా?" అన్నాడు.

ఆ మరుసటి ఏడు గేమ్ కంపెనీనుంచి అకినో అనే ఆవిడ వచ్చింది. పన్నెండో భాగం తయారవుతోందనీ, పాత అభిమానుల మనసు తెలుసుకోవాలనీ చెప్పి ఉరబెని కాల్చిన ఈల్ చేప వడ్డించే హోటల్‌కి తీసుకెళ్లింది. టై కట్టుకుని వెళ్లాడు. తిరిగొచ్చి నా ముందు కూచున్నప్పుడు మొహం వెలిగిపోతోంది.

"మొత్తం విన్నారక్కా. ఒక్కసారి కూడా ఫోను చూసుకోలేదు. అంతా రికార్డు చేసుకున్నారు. మిహొ సంగతి కూడా చెప్పాను."

మిహొ అతని చెల్లెలు. ఇద్దరూ ఒకే గేము పెట్టె మీద మూడో భాగం ఆడేవాళ్లు. మిహొ ఆటలోని ఊరి గేటు దాకా వచ్చి ఆట ఆపి ఆస్పత్రికి వెళ్లింది, తిరిగి రాలేదు. ఆ ఆపిన చోటు ఉరబె చెరపకుండా ఏళ్ల తరబడి దాచుకున్నాడు. ఒకనాడు ఆట బిళ్ల లోపల, ఆపిన చోటుని గుర్తుంచే చిన్న బ్యాటరీ అయిపోయింది, అదీ పోయింది. మా అందరిలో ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు.

పన్నెండో భాగం విడుదల ముందు నంబాలో పెద్ద హాల్లో సభ పెట్టారు. ఉరబెని వేదిక మీదికి పిలిచారు. నాకూ టికెట్టు ఇప్పించాడు. హాలు కిక్కిరిసింది. మైకు పట్టుకున్నవాడు టీవీలో నవ్వించే కుర్రాడు.

"మన అందరికన్నా సీనియర్! బాబాయ్, ఈ కొత్త భాగంలో మీకో బహుమతి ఉంది, చూస్తారా?"

తెర మీద ఊరి గేటు వచ్చింది. గేటు పక్కన అరుగు మీద ఒక ముసలాయన. ముందు బట్టతల. మోచేతులు మోకాళ్లకి ఆనించి, మెడ పక్కకి వాల్చి కూచున్నాడు. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. వేదిక మీద ఉరబె కూడా నవ్వాడు, తల గోక్కున్నాడు.

"మా రోజుల్లో ఉప్పు ఇంకా ఉప్పగా ఉండేది" అన్నాడు తెరమీది ముసలాయన.

కుర్రాడు చేతిలో మీట నొక్కాడు. ఆటలోని వీరుడు ముసలాయన్ని ఒక్క తోపు తోశాడు. ముసలాయన గిరగిరా తిరిగి సముద్రంలో పడ్డాడు. నీళ్లు కారుతూ మళ్లీ ఎక్కి వచ్చి అదే అరుగు మీద కూచున్నాడు.

"ఎవడో చక్కెర పోశాడు."

మళ్లీ తోపు. జనం కడుపులు పట్టుకున్నారు. ముసలాయన మళ్లీ ఎక్కి వచ్చాడు.

"నా చెల్లెలు రెండుసార్లు చచ్చిపోయింది. రెండోసారి బ్యాటరీ అయిపోయి."

అన్నిటికంటే దీనికే ఎక్కువ నవ్వారు. నా పక్కనావిడకి కళ్లనీళ్లు వచ్చాయి నవ్వలేక. ఉరబె మైకు నోటి దగ్గర పెట్టుకుని, "అది నవ్వడానికి చెప్పింది కాదు" అన్నాడు.

"అబ్బ, ఏం యాక్షన్ చేస్తున్నాడండీ! ఇంకా ఆ వేషంలోనే ఉన్నాడు!" అని కుర్రాడు అతని వీపు చరిచాడు. చప్పట్లు ఆగలేదు.

సభ అయ్యాక వెనక గదిలో అకినో నడుం వంచి నమస్కారం పెట్టింది. "మీరే కదా సార్ అన్నారు, మీ మాట ఒక్కటైనా ఆటలో వినబడితే జన్మ ధన్యమని! ఒక్కటి కాదు, బోలెడు పెట్టాం. ప్రేమతోనే పెట్టాం."

"చెల్లెలి మాట తీసేయండి."

"పరీక్షగా ఆడినవాళ్లందరికీ అదే బాగా నచ్చింది సార్."

రైల్లో ఇంటికొస్తూ ఉరబె తలుపు పక్కనే నిలబడ్డాడు. దిగేముందు, "బొమ్మ బాగా గీశారు కదక్కా" అన్నాడు.

ఆట బయటికొచ్చాక ఊరంతా ముసలాయన్ని తోయడమే పని. ఎవరు ఎంత దూరం తోశారో పందేలు. డ్రైవింగ్ స్కూల్లో ఒక శిష్యుడు ఎర్రదీపం దగ్గర కారు ఆపి, పక్క సీట్లోని ఉరబె వైపు తిరిగి, "సార్, బ్యాటరీ అయిపోయిందా?" అని అడిగాడు. ఉరబె దీపం పచ్చబడిందని మాత్రం చెప్పాడు. ఆ ముసలాయన మా సారేనని ఆ శిష్యుడు ఆ సాయంత్రమే తన స్నేహితులందరికీ చెప్పాడు. మర్నాటినుంచి ఉరబె పాఠాలకి గిరాకీ పెరిగింది.

మా హోటల్లో గుంపు మొదట కంపెనీని తిట్టింది. రెండు వారాలు గడిచాయో లేదో, ఒక ఆదివారం కనమోరి చిన్న తెర పట్టుకుని ముసలాయన్ని తోస్తున్నాడు, మిగతావాళ్లు మూగి లెక్కపెడుతున్నారు. అప్పుడే ఉరబె తలుపు తీశాడు. నీళ్లలో పడిన చప్పుడు అందరికీ వినబడింది.

"ఏమనుకోకండి బాబాయ్" అన్నాడు కనమోరి. "కానీ ఒప్పుకోవాలి, ఈ భాగంలో బాగా కుదిరింది మీరొక్కరే."

ఉరబె పెద్ద బల్ల దగ్గరికి పోకుండా నా గల్లా ముందున్న ఎత్తు కుర్చీలో కూచున్నాడు. ఆ తరవాత అదే అతని చోటయింది.

ఒకరోజు మియజకొ వచ్చి పక్క కుర్చీలో కూచుంది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది.

"నేను ఎనిమిదో భాగం పిల్లని. గుర్తున్నానా?"

"గుర్తే."

"మొదటిరోజు చెయ్యి నొప్పి పుట్టేదాకా తోశాను మిమ్మల్ని. చెల్లెలి మాట నిజమని ఎక్కడో చదివాను. చదివాక కూడా తోశాను. ఈ మాట మీకు మొహమ్మీద చెప్పాలనిపించింది, వచ్చాను."

"తోసుకో. నీ స్థానంలో ఉంటే నేనూ తోసేవాణ్నే."

"మీరు ఆడారా?"

"ఆడాను. గేటు దగ్గర నిలబడి ఆయన మాటలన్నీ విన్నాను. తోయకపోతే ఆయన చెల్లెలి దాకా రాడు. రెండుసార్లు పడితేగానీ ఆ మాట అనడు. అందుకని తోస్తాను."

ఆ పిల్ల ఈసారి కాఫీ మొత్తం తాగి వెళ్లింది. క్షమించమని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

పదమూడో భాగం వచ్చిన రోజు గేముల కొట్టు తెరవకముందే వరస మా సందు దాకా సాగింది. ఉరబె సెలవు పెట్టి వచ్చి, వరసలోకి వెళ్లేముందు నా దగ్గర టోస్టు తింటున్నాడు. కనమోరి ఫోను చూస్తూ లోపలికొచ్చాడు.

"బాబాయ్, మీకు శుభవార్త. ముసలాయన్ని తీసేశారట. జనానికి మొహం మొత్తిందట."

ఉరబె టోస్టు పళ్లెంలో పెట్టేశాడు. "పూర్తిగానా?"

"పూర్తిగా. సంతోషమేగా?"

"గేటు దగ్గర ఎవరూ లేరా?"

"గేటే లేదట."

నేను ఇంకో కాఫీ పోయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. అతని మొహం అంత ఖాళీగా నేను నంబా హాల్లో కూడా చూడలేదు. కోటు వేసుకుని బయటికి వెళ్లి వరస చివర నిలబడ్డాడు. వరసలో ఎవరూ అతన్ని గుర్తుపట్టలేదు. ముందున్న కుర్రాడు వెనక్కి తిరిగి మర్యాదగానే చెప్పాడు:

"తాతగారూ, ఇది గేముల వరస. మందుల షాపు ఆ పక్క."

"తెలుసు బాబూ" అన్నాడు ఉరబె.