గ్రౌండంతా పాడిస్తా సార్!

కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడికి లోకంలో తెలియనిదంటూ ఏదీ ఉండదు. తెలియనివన్నీ తర్వాత, జీతం పెరిగే కొద్దీ, ఒక్కొక్కటే బయటపడుతుంటాయి. ఆ రోజుల్లో నా జీతం బహు తక్కువ, కాబట్టి తెలివి బహు ఎక్కువ. మణుగూరు గనుల కాలనీ క్లబ్బులో ఆరు నెలల టెంపరరీ మీద కల్చరల్ అసిస్టెంటుగా చేరాను. పేరు వింటే గొప్పగానే ఉంటుంది గానీ, పని మాత్రం క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లడం, షామియానా వాడితో గొడవపడటం, జెండా పండగకు రంగుకాగితాలు అతికించడం. (జిగురుకు మైదాపిండి నేనే ఉడకబెట్టేవాణ్ణి. అది కల్చర్ కిందికే వస్తుందని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.) మా అమ్మ మాత్రం పాల్వంచలో ఇరుగుపొరుగందరికీ "మా పిలగానికి గనుల కొలువైంది, పర్మనెంటే" అని చెప్పేసింది. ఆ మాట వెనక్కి తీసుకొమ్మని చెప్పే ధైర్యం నాకు లేక, ఎలాగైనా పర్మనెంటయిపోవడమే మేలనుకున్నాను.

క్లబ్బు సెక్రటరీ గారిని మేం గంట సారు అనేవాళ్ళం. ఆయన ముందు టేబుల్ మీద ఎప్పుడూ ఒక ఇత్తడి గంట ఉండేది. మీటింగులో ఎవరైనా రెండు నిమిషాలకు మించి మాట్లాడితే టంగుమని కొట్టేవారు. ఒకరోజు నన్ను పిలిచి, "చూడవయ్యా, చుట్టుపక్కల ఉన్న పాటగాళ్ళందర్నీ ఒక్క స్టేజీ ఎక్కించాలె. బ్యాండోళ్ళు, అడవి ఊళ్ళోళ్ళు, అందరు. కింద కూసున్న జనం గూడ కలిసి పాడాలె. అయితదా నీతోటి?" అన్నారు. అవుతుందో లేదో ఆలోచించి చెప్తానంటే సరిపోయేది. నోరు ఊరుకోదు కదా! "గ్రౌండంతా పాడిస్తా సార్!" అన్నాను. "పాడకపోతే?" అన్నారాయన. "పాడకపోతే నన్ను రెన్యూవల్ చెయ్యకుండ్రి సార్" అన్నాను. ఆయన తలెత్తి నన్ను ఒకసారి చూసి, క్యాలెండర్ చూసి, "నీ ఆర్నెల్లు ఈ నెలతోటే అయిపోతున్నయ్ గద. సరే మంచిది" అని గంట కొట్టారు. నాతో మాట అయిపోయిందని దానర్థం.

జనం పాడాలంటే పాట ఉండాలి కదా. ఉన్న పాటలన్నీ నాకు నాసిగా తోచి, నేనే ఒకటి రాశాను. మూడు రాత్రులు కూర్చుని రాసిన ఆ ఐక్యతా గీతం "సమైక్య స్వర సుధా స్రవంతీ, సౌహార్ద పరిమళ వాహినీ" అని మొదలయ్యేది. తర్వాత నాలుగు చరణాలు. ఒక్క చరణంలోనూ క్రియాపదం లేదు. (అది నా శైలి అనుకున్నాను.) బస్టాండు దగ్గర జిరాక్సులో కట్టలకు కట్టలు కాపీలు తీయించి, వచ్చిన ప్రతి మనిషి చేతిలో ఒకటి పెట్టాలని ప్లాను వేశాను.

ఇక పాటగాళ్ళ వేట. పాల్వంచలో పెళ్ళి బ్యాండు నడిపే క్లారినెట్ చాచా మా ఇంటి వెనక వీధే. చిన్నప్పటి నుంచి నన్నెరిగినవాడు కనుక అడగ్గానే ఒప్పుకున్నాడు. "ఆతా హూఁ బేటా, గానీ నీ పాట ఒక్కసారి ఇనిపియ్" అన్నాడు. వినిపించాను. చాచా క్లారినెట్ పుల్లను నోట్లో పెట్టుకుని చాలాసేపు నానబెట్టి, "దీంట్లె ఊపిరి ఎక్కడ తీస్కోవాల్నో నాకు సమజ్ అయితలేదు" అన్నాడు. పెళ్ళి బాజా మనిషికి సాహిత్యమేం తెలుస్తుందిలే అనుకున్నాను.

తర్వాత పినపాక దాటి, టేకు చెట్ల మధ్య నడుచుకుంటూ ఒక కోయ ఊరికి వెళ్ళాను. అక్కడి ఆడవాళ్ళు "రేలా రేలా" అంటూ అందుకునే రేల పాటల గురించి గనుల్లో అందరూ చెప్పుకునేవారు. పాట ఎత్తేది ఒక పెద్దవ్వ. నేను వెళ్ళేసరికి వాకిట్లో కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. సంగతంతా చెప్పి, "మీ ఐటెం ఎన్ని నిమిషాలు అవ్వా?" అని డైరీ తీశాను. "నిమిషాలా? కాళ్ళు గుంజేదాంక ఆడుతం బిడ్డా" అంది. నేను "ఏడు నిమిషాలు" అని రాసుకున్నాను. రిహార్సల్ చేయమంటే పది మంది లేచి ఒకరి నడుం ఒకరు పట్టుకుని గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు. నాకు వీపులే కనిపించాయి. "గిట్ల కాదవ్వా, జనానికి మొకాలు కనబడాలె, వరుసలో నిలబడుండ్రి" అని బడిపిల్లల్లా నిలబెట్టాను. అంతే, పాట చచ్చిపోయింది. ఒకరు మొదలుపెడితే ఒకరు ఆపేస్తున్నారు, కాళ్ళు ఎటు వేయాలో తెలియక నిలబడిపోతున్నారు. పెద్దవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "మా పాటకు ముందల ఎనక ఉండదు పిలగా. ఒకలు ఎత్తుతరు, తక్కినోళ్ళం గదే మాట అందుకుంటం. ఎత్తినోళ్ళను ఒక్కళ్ళను ఇడిశిపెట్టేది లేదు, గంతే" అంది. ఆ తర్వాత తమ భాషలో ఏదో అంది. అందరూ నన్ను చూసి పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో నాకే తెలియదు.

ఆదివారం సాయంత్రం గ్రౌండు నిండిపోయింది. ముందు వరుసలో ఆఫీసర్లు, వాళ్ళ ఇల్లాళ్ళు, మధ్యలో గంట సారు, ఆయన ఒళ్ళో గంట. వెనక డ్యూటీ దిగి స్నానాలు చేసి వచ్చిన కార్మికులు, వాళ్ళ వెనక మిర్చి బజ్జీల బండి. నా ఐక్యతా గీతం కాపీలు పంచిన పావుగంటకల్లా నూనె మరకలతో కనిపించడం మొదలైంది. బజ్జీలవాడు కూడా ఒక కట్ట అడిగి తీసుకున్నాడు. ఆయనకూ పాట మీద ఆసక్తి ఉందని నేను మురిసిపోయాను.

చాచా క్లారినెట్ ఎత్తగానే ఈలలే ఈలలు. గంట సారు ఏడో నిమిషంలో గంట కొడితే, చాచా అది తాళమనుకున్నట్టు మరింత హుషారుగా వాయించాడు. తర్వాత పెద్దవ్వ బృందం. వరుసలో నిలబడమని నేను స్టేజీ కింద నుంచి ఎంత సైగ చేసినా వినకుండా గుండ్రంగా తిరిగారు. ఉన్నది ఒక్కటే మైకు, స్టాండుకు బిగించి ఉంది. తిరుగుతూ తిరుగుతూ ఎవరు దాని ముందుకొస్తే వాళ్ళ గొంతే వినబడేది. ఒకావిడ సగం మాట, ఇంకొకావిడ మిగతా సగం, మధ్యలో డోలు, మధ్యలో ఎవరిదో దగ్గు. జనం పాట పోల్చుకునేలోపు ఏడు నిమిషాలు అయిపోయి గంట మోగింది. వాళ్ళను స్టేజీ పక్కన కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాను. "బాధపడకుండ్రి అవ్వా, ఇప్పుడు నేను పాడిస్త చూడుండ్రి" అని ఓదార్చాను కూడా. ఆ పొగరు తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఇస్త్రీ జుబ్బా సర్దుకుని మైకు ముందు నిలబడ్డాను. "సమైక్య స్వర సుధా స్రవంతీ..." అని గొంతెత్తి, రెండు చేతులూ జనం వైపు చాపి, "అందరూ!" అన్నాను. ఒక్కరూ అందుకోలేదు. మళ్ళీ పాడాను. మళ్ళీ "అందరూ!" అన్నాను. వెనక నుంచి ఎవరో కార్మికుడు మర్యాదగానే అరిచాడు: "తమ్మీ, తెలుగుల పాడు!" గ్రౌండంతా గొల్లున నవ్వింది. రెండో పాదం మర్చిపోయాను. కాగితం చూద్దామంటే అక్షరాలు కంటికి ఆనడం లేదు. గంట సారు ఒళ్ళోంచి గంట పైకెత్తడం కనిపించింది. పాల్వంచలో అమ్మ కనిపించింది. పర్మనెంటు అన్న మాట విన్న ఇరుగుపొరుగంతా వరసగా కనిపించారు.

అప్పుడు పక్క నుంచి పెద్దవ్వ గొంతు లేచింది. నేను పాడిన పాదమే, నోరు తిరిగినంత మేరకు, తన బాణీలో. వెనకాలే పది మందీ అందుకున్నారు. ప్రోగ్రాం లిస్టులో వాళ్ళ ఐటెం అయిపోయింది కదా! మైకు ముందే ఉన్నానన్న సోయి లేకుండా, "ఆగుండ్రి అవ్వా, ఆగుండ్రి!" అన్నాను.

"ఆగుండ్రి అవ్వా, ఆగుండ్రీ... రేలా రేలా" అని పది గొంతులు అందుకున్నాయి. డోలు పడింది.

"మీ ఐటెం అయిపోయింది!" అన్నాను. "మీ ఐటెం అయిపోయిందీ, రేలా" అని పాడుతూ స్టేజీ ముందుకు దిగి వలయం కట్టేశారు. చాచా ఊరుకుంటాడా? క్లారినెట్టుతో వెంటబడ్డాడు. వెనక వరుసల వాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు. "అయ్యో, సెక్రటరీ సారు చూస్తున్నరు!" అన్నాను ఏడుపు గొంతుతో. ఈసారి సగం గ్రౌండు అందుకుంది: "అయ్యో, సెక్రటరీ సారు చూస్తున్నరూ!" ఆఫీసర్ల ఇల్లాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతూ పాడుతున్నారు. సారు గంట టంగుమని కొట్టారు. ఆ దెబ్బ సరిగ్గా డోలు దెబ్బ మీద పడింది. జనం హోయని అరిచారు. ఇంకోసారి కొట్టారు, అదీ తాళం మీదే పడింది. ఆ తర్వాత ఆయన కోపంతో కొట్టారో, సరదాకి కొట్టారో నేను చెప్పలేను.

ఇక అయిపోయిందనుకుని, నాలో నేను అనుకోవాల్సిన మాట పైకే అనేశాను: "నా కొలువు పోతది..."

అమ్మబాబోయ్! గ్రౌండు గ్రౌండంతా, బజ్జీలవాడితో సహా, "నా కొలువు పోతదీ, రేలా రేలా, నా కొలువు పోతదీ" అని ఎత్తుకుంది. డ్యూటీ దిగి వచ్చిన వాళ్ళయితే కళ్ళు మూసుకుని మరీ మనసు పెట్టి పాడారు. పెద్దవ్వ బృందం ఆ ముక్కను వదిలితే ఒట్టు. తిరిగి తిరిగి అదే, అదీ ముందు వరుస ఎదురుగానే. పొద్దుగూకే వేళకు వాళ్ళను తీసుకుపోవడానికి వాళ్ళ ఊరి ట్రాక్టరు వచ్చి హారను కొడితే గానీ ఆగలేదు. మర్నాడు గంట సారు నన్ను పిలిచి, "గ్రౌండంతా పాడిస్తనంటివి, పాడిచ్చినవ్. ఇంకో ఆర్నెల్లు ఉండు. గానీ మళ్ళ పాట రాస్తే మాత్రం నేను ఊకోను" అన్నారు. అలా ఆరేసి నెలలుగా సాగి సాగి, చివరికి అమ్మ మాట నిజమైంది.

ఆ కథను నేను ఎన్నిసార్లు చెప్పానో! క్యాంటీన్లో, పెళ్ళిళ్ళలో, ఖమ్మానికి బదిలీ అయ్యాక కొత్త ఆఫీసులో కూడా. చివర్లో ప్రతిసారీ ఒక మాట చేర్చేవాణ్ణి: "పాపం అమాయకులు! మైకులో ఏది వినబడితే అదే పాట అనుకున్నారు." అక్కడ అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

మొన్నీమధ్య ఒక సహోద్యోగి రిటైర్మెంటు విందుకు మణుగూరు వెళ్ళి, మనసాగక ఆ ఊరికీ వెళ్ళాను. ఇప్పుడు రోడ్డు పడింది, ఆటో వాకిలి దాకా వెళ్ళింది. పెద్దవ్వ బాగా వంగిపోయింది గానీ చూపు చురుకే. గుర్తుపట్టి మంచం వాల్చి కూర్చోబెట్టింది. మాటల్లో నేను అలవాటు చొప్పున, "అవ్వా, ఆనాడు నేను ఆగుండ్రి అంటే అది గూడ పాటే అనుకుంటిరి గద!" అని నవ్వాను.

పెద్దవ్వ నవ్వలేదు. నన్ను వింతగా చూసింది. "మాకు తెలుగు రాదనుకున్నవా బిడ్డా?" అంది.

"స్టేజి మీద ఒక్కనివే నిలబడితివి. ఎవ్వలు అందుకోరైరి. ఏడుపు మొకమైతివి. పాట ఎత్తినోన్ని గట్ల ఇడిశిపెడితే మాకు పాపం గాదా? నీ పాట అందుకుందమంటె నోరు తిరుగకపాయె. నువ్వు మాట్లాడినయి తిరిగినయ్. గందుకే గవి పాడినం."

"మరి కొలువు పోతదన్న ముక్క అన్నిసార్లు ఎందుకు పాడినరవ్వా?" అన్నాను.

"గా గంటాయన చెవుల పడాలె గదా!" అంది.

ఇన్నేళ్ళ జీతం ఒక్కసారి కళ్ళముందు తిరిగింది. పిల్లల చదువు, అమ్మ మందులు, ఖమ్మంలో కట్టుకున్న రెండు గదులు. "ఈ కథ మీ ఊళ్ళ గూడ చెప్పుకుంటరా అవ్వా?" అని అడిగాను.

"అవ్, ఎందుకు చెప్పుకోం? మస్తు నవ్వుతం" అంది పెద్దవ్వ. అప్పుడు నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో ఈసారి నాకు బాగానే తెలుసు.