తిరువూరులో ఊడని బోల్టు

ఆదివారం ఉదయం ఆరుంపావుకు మైలవరంలో మా ఇంటి ముందు మోటారు సైకిలు స్టార్టు చేశాను. వెళ్లవలసింది గంపలగూడెం వైపు, వినగడప. అది మా అత్తగారి ఊరు. నా భార్య రూతు మూడు నెలలుగా అక్కడే ఉంటోంది. ఆమెను వెనక సీటు మీద ఎక్కించుకుని సాయంత్రానికి ఇంటికి రావాలి. పెట్రోలు రేటు ఒక్కసారిగా పెరిగిన ఈ రోజుల్లో బస్సులో వెళ్లడమే తెలివైన పని. నేను తెలివైనవాణ్ణి కానని ఈ ప్రయాణంలో బాగా తెలిసింది.

రూతు ఎందుకు వెళ్లిపోయిందో ముందు చెప్పాలి. బావులకు ఆయిలింజన్లు, పంపులు బిగించడం నా వృత్తి. పని నేర్చుకుంటానని నా బావమరిది శామ్యూలు మా ఇంటికి వచ్చి ఉన్నాడు. ఒకరోజు నా పెద్ద పైపు పానా కనిపించలేదు. వీధిలో నలుగురూ వింటుండగా వాణ్ణి దొంగ అన్నాను. వాడు అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. రెండు వారాలకు ఒక రైతు ఆ పానా తెచ్చి, "మా ఇంజను షెడ్డులో మర్చిపోయారు మేస్త్రి గారూ" అని నా చేతిలో పెట్టాడు. నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రైతు భార్య చర్చి దగ్గర రూతుకు చెప్పేసింది.

"తమ్ముడికి ఒక్క మాట చెప్పండి చాలు" అంది రూతు.

"దానికింత రాద్ధాంతం ఎందుకు?" అన్నాను నేను. మర్నాడు తను ఊరెళ్లిపోయింది.

మా క్రైస్తవ సంఘాల్లో ఒక కట్టుబాటు ఉంది. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం, జరుగుతుంది. తగాదా పడ్డవాళ్లు సమాధానపడకుండా బల్లలో చెయ్యి వేయరు. తప్పు చేసినవాడు బల్లకు ముందు లేచి నిలబడి అందరి ఎదుటా ఒప్పుకుంటాడు. వినగడప పాస్టరు గారిని అందరూ అయ్యగారు అంటారు. ఆయన నాకు కార్డు రాశారు. ఈ మొదటి ఆదివారం నువ్వు వచ్చి శామ్యూలు విషయం ఒక్క మాట ఒప్పుకుంటే రూతు నీ వెంట వస్తుంది, రాకపోతే కొత్తగూడెంలో వాళ్ల పిన్ని చూసిపెట్టిన ఆడపిల్లల హాస్టలు ఉద్యోగానికి వెళ్లిపోతుంది, ఇక పెద్దలు కలగజేసుకోరు అని ఆ కార్డు సారాంశం. ఆరాధన పదింటికి, బల్ల పన్నెండుకు. ఆ పానాను బండి పక్క డబ్బాలో పెట్టుకున్నాను, శామ్యూలు చేతికిద్దామని. దారి పొడుగునా "తప్పు నాదే" అని పైకి అనుకుంటూనే వెళ్లాను. ఇంజను మోతలో ఆ మాట సులువుగానే వచ్చింది.

ఎ.కొండూరు దాటాక ఒక కల్వర్టు దగ్గర గుంటలో పడ్డాను. వెనక ఎడమవైపు షాకబ్జార్బరుకు పైన బోల్టు దూరే కన్ను టక్కున విరిగింది. చక్రం మడ్గార్డుకు రాసుకుంటూ పొగ లేచింది. దిగి కొంతదూరం తోసుకుంటూ, ఎక్కి కొంతదూరం పాకించుకుంటూ తిరువూరు చేరేసరికి ఎనిమిదిన్నర.

తిరువూరు బస్టాండు పక్కన ఒక రేకుల షెడ్డు, దాన్ని ఆనుకుని సుబ్బమ్మ గారి టీ కొట్టు. ఆవిడ వేసే ఇడ్లీ మెత్తగా ఉంటుంది, పచ్చడి మాత్రం కళ్లనీళ్లు తెప్పిస్తుంది. షెడ్డు మెకానిక్కు కోటేశ్వరరావు, నలభై ఏళ్ల మనిషి, పనిమంతుడు. పాతదే అయినా గట్టి షాకబ్జార్బరు ఒకటి వెతికి తీశాడు.

"అరగంట పనండీ. ఎనిమిదీ నలభై ఐదు బస్సు ఎందుకు మీకు, బండి మీదే పోదురుగాని" అన్నాడు.

పైబోల్టు అయిదు నిమిషాల్లో వచ్చింది. కింది బోల్టు కదల్లేదు. పానా వేసి కాలితో తన్నాడు. పానాకు గొట్టం తొడిగి లాగాడు. నా పెద్ద పానా తీసి ఇచ్చాను. ఇద్దరం కలిసి లాగితే బండి స్టాండు మీద నుంచి ఒరిగింది గానీ బోల్టు అలాగే ఉంది.

"ఎవరండీ ఇది బిగించింది?" అని అడిగాడు.

ఆ బోల్టు బిగించింది నేనే. పోయిన వానాకాలంలో తుప్పు పట్టకూడదని, పంపు పైపుల మరలకు పెట్టినట్టే జనపనార చుట్టి, తెల్లరంగు ముద్ద పట్టించి బిగించాను. పైపుకు నీరు కారకుండా చేసే పని అది. ఎండాక రాయి అవుతుంది. పంపులవాడు తప్ప లోకంలో ఎవడూ మోటారు సైకిలుకు ఆ పని చేయడు. ఆ సాయంత్రం లాంతరు పట్టుకున్న రూతు, "ఇది పైపులకు పెట్టేది కదండీ?" అని అడిగింది కూడా. నీకేం తెలుసని కసిరాను.

మరొక పనివాడి ముందు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఏమోనయ్యా, ఎవరో మెకానిక్కు" అన్నాను.

"అయితే తుప్పేనండి. కిరసనాయిలు పోసి నాననిద్దాం" అన్నాడు కోటేశ్వరరావు. మేకుకు మంట చిమ్మే బ్లోలాంపు వేలాడుతూనే ఉంది. దాని వైపు చూసి, "తుప్పుకి అగ్గి అక్కర్లేదులే, వెనక ఫోర్కు రంగు పోద్ది" అని తనే అనుకున్నాడు.

కిరసనాయిలు పోశాం. ఎనిమిదీ నలభై ఐదు బస్సు వెళ్లిపోయింది. పది దాటింది. ఉలి పెట్టి సుత్తితో కొడితే నట్టు అంచులు అరిగాయి. మళ్లీ కిరసనాయిలు పోశాం. గంపలగూడెం వెళ్లే పదకొండు గంటల బస్సు కండక్టరు ఫుట్‌బోర్డు మీద నుంచి, "వస్తారా అండీ, సీట్లున్నాయి" అని పిలిచాడు. ఆ బస్సు ఎక్కితే పన్నెండుకు బల్ల దగ్గర ఉండేవాణ్ణి. ఇంకో పది నిమిషాల్లో వచ్చేస్తుందని కోటేశ్వరరావు అన్నాడు, నేను నమ్మాను. అదొక్కటే కారణం కాదు. తప్పు ఒప్పుకోవడానికి అత్తగారి ఊళ్లో బస్సు దిగి దుమ్ములో నడిచి వెళ్లడం నామోషీ అనిపించింది. బండి మీద వెళ్తే కొంత మర్యాద దక్కుతుందనుకున్నాను. ఆ మర్యాదను తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

పన్నెండయింది. అయ్యగారు రొట్టె విరిచే వేళ. ఆడవాళ్ల వైపు చాప మీద రూతు గుమ్మం కేసి చూస్తూ ఉంటుందని తెలుసు. నాకు ఏడుపు వచ్చింది. సుబ్బమ్మ గారు టీ గ్లాసు నా పక్కన పెట్టి, "తాగండి బాబూ, ఇనప ముక్క కోసం అంత దిగులెందుకు?" అంది. ఇనప ముక్క కోసం కాదని ఆవిడకెలా చెప్పను?

రెండున్నర ప్రాంతంలో బస్టాండులో ఏవో బస్సులు వచ్చి ఆగాయి. నేను బండి కింద పడుకుని ఫోర్కు పట్టుకున్నాను. కోటేశ్వరరావు నట్టు అంచు గీకుతూ ఆగి, ఉలి కొనతో ఒక పోగు లాగాడు. జనపనార.

"ఇది తుప్పు కాదండీ! పైపుల ముద్ద పెట్టి బిగించాడు ఎవడో తెలివితక్కువోడు. ఇది మీరు చేసిన పనేనా?" అని గట్టిగా అడిగాడు.

"నేను కాదయ్యా బిగించింది! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని అంతకంటే గట్టిగా అరిచాను.

అతను బ్లోలాంపు దించి వెలిగించాడు. ముద్ద ముందు పొగలు కక్కింది, తర్వాత మెత్తబడింది. పది నిమిషాల్లో బోల్టు చేతికి వచ్చింది. "ముద్ద సంగతి పొద్దున్నే తెలిస్తే పొద్దున్నే కాల్చేవాణ్ణి కదండీ" అన్నాడు తల దించుకునే. అతనికి అర్థమైపోయింది.

నాలుగున్నరకు వినగడపలో మామగారి ఇంటి ముందు బండి ఆపాను. అరుగు మీద శామ్యూలు ఒక్కడే ఉన్నాడు.

"అక్క లేదు బావా. అయ్యగారు ఒంటిగంట దాకా బల్ల ఆపారు నీ కోసం. తర్వాత అక్కే లేచి, ఇంక చాలండి అంది. రెండింటి బస్సుకి వెళ్లిపోయింది."

నేను పానా తీసి వాడి ముందు పెట్టాను. "తప్పు నాదే శామ్యూలూ" అన్నాను. రోజంతా గొంతులో ఉన్న మాట అప్పటికి బయటపడింది.

వాడు పానా ముట్టుకోలేదు. "నేనెప్పుడో మర్చిపోయాను బావా. ఆ మాట వినాలనుకున్నది అక్క" అన్నాడు. మంచినీళ్లిచ్చాడు, తాగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

తిరుగు ప్రయాణంలో ఆరింటికి తిరువూరులో టీ కోసం ఆగాను. షెడ్డు మూసేశారు. సుబ్బమ్మ గారు నన్ను చూసి దగ్గరకొచ్చింది.

"బాబూ, మధ్యాహ్నం గంపలగూడెం బస్సు దిగి ఒకమ్మాయి ఈ బెంచీ మీదే కూర్చుంది. రేకుపెట్టె ఉంది చేతిలో. కొత్తగూడెం బస్సు కోసమంట. మీ బండి చూడగానే లేచి నాలుగడుగులు మీ కేసి వచ్చింది కూడాను. అప్పుడే మీరు నేను కాదయ్యా బిగించింది అని కేకేశారు. అక్కడే ఆగిపోయింది. మీ వాళ్లా అమ్మా అనడిగాను."

"ఏమంది?"

"ఆ బోల్టు బిగించినప్పుడు లాంతరు పట్టింది నేనేనండీ అంది. అని బస్సెక్కేసింది. అప్పుడే చెబుదామనుకున్నాను గానీ మీరు కోపంగా ఉన్నారని ఊరుకున్నాను."

టీ తాగలేకపోయాను. రూతు నా కేసి నాలుగడుగులు వేసింది. బండి కింద పడుకుని కూడా అబద్ధమాడే మనిషిని చూసి వెనక్కి తిరిగింది. ఇక కొత్తగూడెం వెళ్లి ఏ మొహం పెట్టుకుని పిలవను? పిలిస్తే మాత్రం ఎందుకు రావాలి?

ఏడున్నరకు మైలవరం చేరాను. కోటేశ్వరరావు వేసిన షాకబ్జార్బరు గట్టిది, దారిలో ఎన్ని గుంటలొచ్చినా ఖాళీ సీటు కుదపకుండా ఇంటికి చేర్చింది. తిరువూరు దారిలో వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఎ.కొండూరు దాటాక కల్వర్టు దగ్గర నెమ్మదిగా పోండి. బండి పాడైతే కోటేశ్వరరావు షెడ్డుకే వెళ్లండి, నిజాయితీపరుడు. ఇది బిగించిందెవరని అతను అడుగుతాడు. మీరే బిగించి ఉంటే, నేనేనని చెప్పండి.